కాలవలో పడని క్యాసెట్

రికార్డు వినాలంటే మేజోళ్ళు విప్పాలని నాకు కాలిఫోర్నియాలోని ఈ శాన్ రామన్ వచ్చాకే తెలిసింది. చెప్పుల సంగతి కాదు, అవి ఎవరింటికి వెళ్ళినా గుమ్మం దగ్గరే వదిలేస్తాం. మేజోళ్ళు. అవి కార్పెట్ మీద రాసుకుంటే స్టాటిక్ పుడుతుందట, ఆ స్టాటిక్‌కి గదిలో దుమ్మంతా వచ్చి రికార్డు మీద కూర్చుంటుందట. గరాజ్‌ని సంగీతం గదిగా మార్చుకున్న ఆ ఇంటాయన ఈ విషయాన్ని ఎంత గంభీరంగా చెప్పాడంటే, మా ఆయన గోడకి ఆనుకుని ఒంటికాలి మీద నిలబడి మేజోళ్ళు లాగేసుకున్నాడు. మా ఇంట్లో అయితే ఆ మేజోళ్ళు ఉతికే బుట్ట దాకా నడిచి రావు, నేనే వెళ్ళి తెచ్చుకోవాలి.

ఆ ఇంటాయనది హైదరాబాద్. ఏదో కంపెనీలో పెద్ద హోదా. నెలకోసారి శనివారం మధ్యాహ్నం తనలాంటి నలుగురు మగవాళ్ళని పిలిచి ఒక పాత ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరి దాకా వినిపిస్తాడు. మధ్యలో మాట్లాడకూడదు, ఫోన్లు బుట్టలో వేసేయాలి, దగ్గొస్తే బయటికి వెళ్ళాలి. ఆడవాళ్ళు రాకూడదని ఎవరూ అనరు, కుర్చీలు మాత్రం మగవాళ్ళకి సరిపడానే ఉంటాయి. నేను ఆ రోజు వెళ్ళింది కూడా పాటల కోసం కాదు, నా కారు సర్వీసింగ్‌కి ఇచ్చాం, అక్కణ్ణుంచి కూరగాయలకి వెళ్ళాలి. వంటింట్లో ఇళ్ళ రేట్ల గురించీ స్కూళ్ళ రేటింగుల గురించీ నడుస్తున్న మాటలు భరించలేక గరాజ్‌లోకి వచ్చాను. మా ఆయన లేచి కుర్చీ ఇచ్చి తను కింద కూర్చున్నాడు. మంచివాడే, వినడమే రాదు.

ఇంటాయన చేతులకి తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకున్నాడు. పసిబిడ్డని ఉయ్యాల్లోంచి తీసినట్టు అట్టలోంచి రికార్డు తీశాడు. నా కళ్ళు అట్ట మీదికి వెళ్ళాయి. చిన్నప్పుడు నేను చూసిన బొమ్మే.

"అక్కా, గిది మామూలు రికార్డు కాదు. ఒరిజినల్ ప్రెస్సింగ్, ఫస్ట్ బ్యాచ్‌ల అచ్చయింది. ఈ ఆల్బమ్ లేకుంటే అసలు రాక్ మ్యూజికే లేదు, తెల్సా?" అన్నాడు.

తెలుసు బాబూ. నీకన్నా ముందే తెలుసు.

ఆ బ్యాండ్ పేరు ఇక్కడ రాయను. ఆ పేరున్న టీషర్టులు వేసుకుని, ఒక్క పాట కూడా వినని పిల్లలు ప్రతి మాల్‌లోనూ తిరుగుతున్నారు, అది చాలు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన నలుగురు పాలిపోయిన కుర్రాళ్ళు. అమెరికాలో పత్తిచేలల్లో నడుములు విరిగిన నల్లవాళ్ళ పాటలు రికార్డుల మీద విని నేర్చుకున్నారు, చప్పుడు పెంచారు, జుట్టు పెంచారు, తిరిగి తీసుకొచ్చి అమెరికాకే అమ్మారు. అమెరికావాళ్ళు ఎగబడి కొన్నారు. తమ పెరట్లో కాసినంత కాలం పట్టించుకోలేదు, ఇంగ్లండ్ పోయి వస్తే కళ్ళకద్దుకున్నారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు చూడండి, ఇక్కడ అది పొరుగింటికి పోయొచ్చిన సొంత కూర. ఇదంతా తెలిసి కూడా ఆ గిటార్ మొదటిసారి విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. అది వేరే సంగతి, అది వాళ్ళ గొప్ప అని నేను ఒప్పుకోను.

నేనది విన్నది బందరులో. మా నాన్న మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు, చర్చి కాంపౌండ్ పక్కనే మా ఇల్లు. అన్నయ్య క్లాస్‌మేట్ ఒకడి బాబాయి ఓడల్లో పనిచేసేవాడు, ఆయన తెచ్చిన రికార్డు అన్నయ్య చేతికొచ్చింది, తిరిగి ఇచ్చేయాలి. బజారులో క్యాసెట్ల కొట్టుకి తీసుకెళ్ళాడు. అప్పటికే ఆ క్యాసెట్‌కి ఒక పక్క అమ్మ క్రిస్మస్ పాటలు ఎక్కించుకుంది. రెండో పక్కన ఆల్బమ్ మొత్తం ఇరికించమన్నాడు అన్నయ్య. కొట్టువాడు ఇరికించాడు. టేపు చాలలేదు. చివరి పాట, నిదానంగా ఏడ్చినట్టు సాగే పాట, సరిగ్గా గిటార్ పైకి ఎక్కుతున్నచోట టక్కున ఆగిపోయేది.

ఆ రికార్డు తిరిగి వెళ్ళిపోయింది. మాకు మిగిలింది ఆ తెగిపోయిన పాటే.

అన్నయ్య దగ్గర ఒక గిటార్ ఉండేది, యూత్ మీటింగుల కోసం నాన్న కొనిచ్చింది. అన్నయ్య వాయిస్తే నేను పాడేదాన్ని. ఆల్బమ్ అంతా అలా నేర్చుకున్నాం, మాటలు అర్థం కాకపోయినా. చివరి పాట దగ్గరికొచ్చేసరికి ఇద్దరం గోతి అంచున నిలబడ్డట్టు ఆగిపోయేవాళ్ళం. దీనికి ముగింపు ఏమై ఉంటుంది? ఎన్నో రోజులు ఆలోచించాం. చివరికి అన్నయ్యే తేల్చాడు.

"ఇంగ్లీషోళ్ళే కదా. ఆమేన్ ఉండుంటది."

నాకూ అదే సబబు అనిపించింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, మాకు ఇంగ్లీషు వచ్చిందే చర్చిలోంచి. మా కీర్తనల పుస్తకంలో ఇంగ్లీషు రాగమున్న ప్రతి పాట చివరా ఆమేన్ ఉండేది. తెల్లవాళ్ళు, అందులోనూ ఇంగ్లండ్‌వాళ్ళు, ఇంత పెద్ద పాట పాడి ఆమేన్ లేకుండా ఎలా లేచిపోతారు? అందుకని ఆరాధన చివర మేం పాడే మూడు ఆమేన్‌లు తీసుకెళ్ళి ఆ పాటకి తగిలించాం. మొదటి రెండూ మామూలుగా. మూడోదాని మధ్యలో అన్నయ్య ఒక తీగని వేలితో పైకి లాగేవాడు, నేను గొంతుతో అక్కడికే ఎక్కేదాన్ని, ఆ తర్వాత ఇద్దరం కలిసి కిందికి దిగేవాళ్ళం. అన్నయ్య కింద శ్రుతిలో కలిసేవాడు. ఎప్పుడూ అర క్షణం ఆలస్యంగా. ఎంత తిట్టినా మారలేదు.

వరండాలో పేపరు చదువుకుంటూ నాన్న అది విని, "ఆ పాటకి చివరికైనా బుద్ధొచ్చిందిరా" అన్నారు.

అసలు ముగింపు ఎప్పటికైనా దొరికితే ఇద్దరం కలిసే వినాలని మాట అనుకున్నాం. ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు వినకూడదు. తర్వాత అమెరికా వచ్చాం, ఏ పాటైనా ఫోన్‌లో వేలు ఆనిస్తే వచ్చే కాలం వచ్చింది. అయినా నేను వినలేదు. మొదట్లో మాట కోసం, తర్వాత పంతం కోసం.

పంతం ఎందుకంటే, అన్నయ్య మారిపోయాడు. ఇప్పుడు గుండె డాక్టరు. మా ఇంటికి అరగంట దూరంలో ఉంటాడు. అమెరికన్ చర్చి హాలుని మధ్యాహ్నం పూట అద్దెకి తీసుకుని నడిపే ఒక తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. దేవుడి మీద నాకేం కోపం లేదు, మా అన్నయ్య సాక్ష్యం మీద కోపం. సాక్ష్యం అంటే తెలియనివాళ్ళకి చెబుతాను: ఆరాధనలో లేచి, దేవుడు నన్ను ఎలాంటి స్థితి నుంచి ఎలాంటి స్థితికి తెచ్చాడో నలుగురి ముందూ చెప్పడం. నిజంగా కష్టం దాటినవాళ్ళు చెబుతుంటే నాకు కళ్ళ నీళ్ళు తిరుగుతాయి. కానీ మా అన్నయ్యలాంటి వాళ్ళకి పెద్ద చిక్కుంది. హెడ్మాస్టరు కొడుకు. తాగలేదు, పేకాడలేదు, మెడిసిన్ సీటు మొదటిసారే వచ్చింది. అంత శుభ్రమైన మనిషి దేన్నుంచి రక్షించబడ్డానని చెప్పుకుంటాడు?

అందుకని మా క్యాసెట్‌ని పట్టుకున్నాడు.

మొదటిసారి చెప్పినప్పుడు లోకసంబంధమైన సంగీతం వినేవాణ్ణి అన్నాడు. తర్వాతిసారి ఆ సంగీతం సాతానుది అయింది. ఆ పైసారి గిటార్‌ని నేలకేసి కొట్టి విరగ్గొట్టాడు. ఇంకోసారి కాలవ వంతెన మీదికి వెళ్ళి క్యాసెట్‌ని నీళ్ళలోకి విసిరేశాడు, విసరగానే గుండెల్లో గొప్ప సమాధానం, అంటే శాంతి, కలిగింది. గోరంతని కొండంత చేయడం చూశాను గానీ, లేని గోరుని ఇంతగా పెంచడం అన్నయ్య దగ్గరే చూశాను. గిటార్ విరగలేదు. మా పిన్ని వాళ్ళ అటక మీద చెదలు తిన్నాయి. దాన్ని పట్టించుకోకపోవడం పాపమైతే ఆ పాపం మాత్రం నిజమే. ఇక క్యాసెట్. అది మా వంటింటి సొరుగులో ఉంది, అయిపోయిన బ్యాటరీలకీ రబ్బరు బ్యాండ్లకీ మధ్య. అన్నయ్య మెడిసిన్‌కి వెళ్ళేటప్పుడు వదిలేస్తే నేను దాచుకున్నాను. పోయిందనుకున్నాడు. పోయినదాన్ని కాలవలో పడేయడం సులువు కదా.

అబద్ధం సంగతి వదిలేయండి, చివర్లో ఒక మాట అంటాడు: "నా చెల్లెల్ని కూడా ఆ చెడ్డదారిలో నడిపించాను. దేవుడు దాన్ని కూడా రక్షించాడు." అప్పుడు అందరూ వెనక్కి తిరిగి నావైపు చూసి, హల్లెలూయ అంటారు. నా జీవితంలో నేను సొంతంగా చేసిన ఒక్క అందమైన పని అన్నయ్యతో కలిసి చేసిందే. దాన్ని పాపం అని, నన్ను రక్షించారని, ఏసీ హాల్లో మైకు పట్టుకుని చెబుతుంటే నేను తల ఊపాలి. ఆ సంఘానికి వెళ్ళడం మానేసి ఇంటి దగ్గర ఇంగ్లీషు చర్చికి పోతున్నాను. వార్షికోత్సవానికి మాత్రం వదిన ఫోన్ చేసి బతిమాలుతుంది. ఆ వార్షికోత్సవం ఈ గరాజ్ శనివారానికి మర్నాడే.

ఇదీ నేను ఆ గరాజ్‌లో కూర్చున్నప్పటి స్థితి. లేచి వెళ్ళిపోవచ్చు. వంటింట్లో ఇళ్ళ రేట్లు ఇంకా పెరుగుతూనే ఉండి ఉంటాయి. వెళ్ళలేదు. ఆ పాటని పాపం అన్నవాడికిచ్చిన మాట నేనెందుకు నిలబెట్టుకోవాలి అనుకుని కూర్చున్నాను.

పాటలు ఒక్కొక్కటీ వచ్చాయి. మగవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ఒకాయన మోకాలి మీద తాళం వేస్తున్నాడు, తప్పు తాళం. రెండో పక్క తిప్పారు, దుమ్ము తుడిచే బ్రష్షుతో అభిషేకం. చివరి పాట మొదలైంది. గిటార్ పైకి ఎక్కుతోంది, ఎక్కుతోంది, మా టేపు తెగిన చోటికి వచ్చింది.

తెగలేదు. దాటింది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడుగు పెట్టని నేల మీదికి పాట నడిచింది. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటున్నాను. గిటార్ అటూ ఇటూ తిరిగింది, వాయించిందే మళ్ళీ వాయించింది, ఆపైన చప్పుడు తగ్గడం మొదలైంది. మెల్లగా, ఇంకా మెల్లగా, పక్కింట్లో మోగుతున్నట్టు, పక్క వీధిలో మోగుతున్నట్టు. తర్వాత సూది గీరుకుంటున్న చప్పుడు.

అంతే. ముగింపు లేదు. ఎవడో గదిలో కూర్చుని బటన్ తిప్పి చప్పుడు తగ్గించేశాడు.

నాకు నవ్వు ఆగలేదు. గట్టిగా, అసహ్యంగా, పొట్ట పట్టుకుని నవ్వాను. నలుగురూ కళ్ళు తెరిచారు.

"ఏమైందక్కా?" అన్నాడు ఇంటాయన, తొడుగులున్న చేతులు గాల్లోనే ఉంచి.

"దీనికి ముగింపు లేదు."

"ఫేడ్ అవుట్ అక్కా అది. వాళ్ళు కావాలనే అట్ల చేసిన్రు. ఇట్ నెవర్ ఎండ్స్ అన్నట్టు. దట్స్ ద జీనియస్."

"ముగించడం చేతకాక వదిలేశారు. బందరులో ఇద్దరు పిల్లలకి చేతనైంది."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇంటాయన మర్యాదస్తుడు, నవ్వేశాడు. గోడకి అద్దాల పెట్టెలో ఒక గిటార్ వేలాడుతోంది. ఒక్క నిమిషం ఇవ్వండి, వినిపిస్తాను అన్నాను. నాకు గిటార్ మీద నాలుగు పట్లు మాత్రమే వచ్చు, అవి చాలు.

"అది వాయించేది కాదక్కా. కలెక్టర్స్ పీస్. తీగలు ముట్టుకుంటే వాల్యూ పోతది."

వాయించని గిటార్, ముట్టుకోకూడని రికార్డు, ముగియని పాట. వాటి ముందు మేజోళ్ళు విప్పుకుని కూర్చున్న పెద్దమనుషులు. వాళ్ళ మీద జాలి పడే ఓపిక కూడా లేక లేచి వచ్చేశాను. ఆ రోజు కూరగాయలకి కూడా వెళ్ళలేదు.

ఆదివారం వార్షికోత్సవానికి వెళ్ళేటప్పుడు వంటింటి సొరుగు తీసి క్యాసెట్ బ్యాగ్‌లో వేసుకున్నాను. దాంతో ఏం చేయాలో నాకే తెలియదు. కోపంగా ఉన్నాను, అంతే. పార్కింగ్ లాట్‌లో అన్నయ్య కారులోంచి బిర్యానీ ట్రేలు దించుతున్నాడు. సూటు, టై, పెద్దరికం.

"వచ్చావా చెల్లీ. ప్రైజ్ ద లార్డ్."

"నిన్న ఆ చివరి పాట విన్నాను" అన్నాను. "మొత్తం."

ఏ పాట అని అడగలేదు. ట్రే కారు మీద పెట్టాడు. ముఖం అదోలా అయింది. నేను లేకుండా విన్నావా అని అడుగుతాడనుకున్నాను, అడిగితే కడిగేద్దామని మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను.

"ఎలా ముగుస్తుందే?" అన్నాడు. చాలా మెల్లగా.

"ముగియదు. చప్పుడు తగ్గించేసి వెళ్ళిపోతారు."

"అబద్ధం." గొంతు పెరిగింది. "ఛా, అబద్ధం చెప్పకు. ముగింపు లేకపోడం ఏంటి? అంత పైకి ఎక్కినోడు కిందికి దిగకుండా ఎలా పోతాడు? సరిగ్గా విన్లేదు నువ్వు."

"అంత పాపిష్ఠి పాట గురించి నీకెందుకు?"

నేను క్యాసెట్ తీసి చేతిలో పెట్టాను. ఒక పక్క అమ్మ చేతిరాతతో క్రిస్మస్ పాటలు అని, ఇంకో పక్క అన్నయ్య వంకర అక్షరాలతో బ్యాండ్ పేరు. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు, అమ్మ రాతని బొటనవేలితో నిమిరాడు. ఇంతలో వదిన లోపల్నుంచి, "ఏవండీ, పాస్టర్‌గారు స్టార్ట్ చేసేస్తున్నారు, మీదే ఫస్ట్" అని కేకేసింది. అన్నయ్య గాభరాగా క్యాసెట్‌ని కోటు జేబులో వేసుకుని, ట్రేలు నాకు వదిలేసి పరిగెత్తాడు.

బిర్యానీ మోసుకుని లోపలికి వెళ్ళి, ఆఖరి వరసలో కూర్చున్నాను. అప్పటికే మైకు అన్నయ్య చేతిలో ఉంది. నన్ను చూసి కూడా మొదలుపెట్టాడు. అదే సాక్ష్యం, అదే గొంతు. లోకసంబంధమైన సంగీతం. సాతాను బంధకాలు. గిటార్ నేలకేసి కొట్టాడు, ఈసారి రెండుసార్లు కొట్టాడు. ముందు వరసలో పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండింది. జేబులో పెట్టుకుని కూడా చెబుతున్నాడే, ఎంత ధైర్యం అనుకుని బ్యాగ్ భుజానికి తగిలించుకున్నాను. ఇంక ఈ మనిషితో నాకు మాటలు లేవని తేల్చుకున్నాను.

"ఆ క్యాసెట్ తీసుకుని కాలవ దగ్గరికి వెళ్ళాను ప్రియులారా. వంతెన మీద నిలబడి..."

అక్కడ అన్నయ్య చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. తెలియకుండానే వెళ్ళింది.

"నిలబడి..." అన్నాడు మళ్ళీ.

ఆగిపోయాడు. అందరూ హల్లెలూయ నాలుక చివర పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. పాస్టర్‌గారు గొంతు సవరించుకున్నారు. వదిన ముఖంలో కంగారు. అన్నయ్య నావైపు చూస్తున్నాడు. మింగలేడు, కక్కలేడు. నిజం చెప్పేంత గుండె ఆ గుండె డాక్టరుకి లేదని నాకు తెలుసు. అబద్ధం గొంతులో అడ్డుపడటం మాత్రం అదే మొదటిసారి చూశాను.

అలాగే వదిలేసి ఉండాల్సింది. బటన్ తిప్పినట్టు పాస్టర్‌గారు ఏదో అని మైకు తీసేసుకుని ఉండేవారు.

నేను లేచి నిలబడి ఆమేన్ అందుకున్నాను. తలలన్నీ వెనక్కి తిరిగాయి. మొదటిది మామూలుగా, రెండోది మామూలుగా పాడాను. ఎవరికీ అనుమానం రాలేదు, కొందరు కళ్ళు మూసుకుని కలిసి పాడారు. మూడోదానికి గొంతు పైకి లాగాను. ఆ రాగం కీర్తనల పుస్తకంలో లేదు. అందరూ ఆగిపోయారు. పైన ఒక్కదాన్నే ఉన్నాను, దిగడానికి తోడు లేదు.

అప్పుడు మైకులోంచి కింద శ్రుతి కలిసింది. ఎప్పట్లాగే, అర క్షణం ఆలస్యంగా.